తాలు మిరపకాయలు

ఏటా ఎండలు ముదిరే వేళకు సంగారెడ్డి దగ్గరి కొండాపూర్ వైపున్న మా పుట్టింటి నుంచి మిరపకాయల బస్తా వస్తుంది. మిద్దె మీద పరిచి, నేనే కూర్చుని ఏరుతాను. ఎర్రగా గట్టిగా ఉన్నవి కారం పట్టించడానికి గిర్నీకి. రంగు పోయి తెల్లబడ్డ తాలు కాయలు ఒక పాత డబ్బాలోకి. తాలులో కారం ఉండదు, కూరకు పనికిరావు. అయినా పారేయను. దిష్టి తీయడానికి దాచిపెడతాను. పొయ్యిలో పడి కాలిపోయేదానికి మంచి కాయ ఎందుకని మా అత్త అనేది. నేనూ అదే నేర్చుకున్నాను. ఆ డబ్బా మూలంగా ఒక పసిపిల్ల కన్నతల్లి ముఖం చూడడం మానేసింది. ఆ పిల్ల నా మనవరాలు. రాయడానికి సిగ్గుగా ఉంది.

మేము ఇస్నాపూర్ పక్కన చిట్కుల్‌లో ఉంటాము. నా భర్త కంపెనీ పని దొరికి ఇక్కడికి వచ్చాడు, ఇక్కడే పోయాడు. ఆయన కట్టించిన ఇంటి వెనక రెండు గదులు బీహార్ నుంచి వచ్చిన వాళ్లకు కిరాయికి ఇచ్చాము. నా కొడుకు ప్లాస్టిక్ డబ్బాలు చేసే కంపెనీలో మిషను నడుపుతాడు. కోడలు మందుల కంపెనీలో, ల్యాబులో పని చేస్తుంది. ఆమె తండ్రి ఎప్పుడో కృష్ణా జిల్లా నుంచి సర్కారు ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చినవాడు. రిటైరయ్యాక వెలిమెల దగ్గర ఫ్లాటు కొనుక్కున్నాడు. కోడలు నన్ను 'అత్తయ్యగారూ' అని పిలిచేది. మా వైపు అట్లా ఎవరూ పిలవరు. కొత్తలో నన్ను వెక్కిరిస్తుందేమో అనుకున్నాను.

ఆమెలో నాకు నచ్చనివి ఉన్నాయి. కొత్తిమీర కాడలు పారేసేది. సబ్బు అరగకముందే కొత్తది విప్పేది. వీటికి ఎవరూ విడాకులు తీసుకోరు. తప్పు నా కొడుకుది. ఆమె షిఫ్టు ఆలస్యమైతే ఎవరితో ముచ్చట పెట్టి వచ్చినవని అడిగేవాడు, ఫోను లాక్కుని చూసేవాడు. చివరికి చెయ్యి చేసుకున్నాడు. అప్పుడు నేను పక్క గదిలో బియ్యం ఏరుతున్నాను. చేట కింద పెట్టి లేవలేదు.

మర్నాడు ఆమె డ్యూటీకని వెళ్లి పుట్టింటికి పోయింది. సాయంత్రం బడికి వచ్చి పిల్లను తీసుకుపోతుందని నాకు తోచింది. మధ్యాహ్నమే పోయి పిల్లను తెచ్చేయమని కొడుకుతో అన్నది నేనే. బడి వదిలాక ఆమె గేటు దగ్గర చాలాసేపు నిలబడిందని, లోపలికి పోయి గదులన్నీ చూసి వచ్చిందని తరువాత బడిలో పనిచేసే ఆయమ్మ చెప్పింది.

కేసు సంగారెడ్డి కోర్టుకు పోయింది. తేలేదాకా పిల్ల తండ్రి దగ్గర ఉండాలని, శనివారం పొద్దున తల్లి తీసుకెళ్లి ఆదివారం సాయంత్రం తెచ్చి దింపాలని జడ్జి చెప్పాడు. పిల్ల అప్పుడు ఒకటో తరగతి.

ఆదివారం సాయంత్రం ఆటో మా గల్లీ మలుపులో ఆగేది. తల్లి గేటు దాకా వచ్చి అక్కడే చెయ్యి వదిలేది. పిల్ల వెనక్కి చూస్తూ, చెయ్యి ఊపుతూ వచ్చేది. నేను గడప దగ్గర ఆపేదాన్ని. ఊరు పోయి వచ్చిన పిల్లను దిష్టి తీయకుండా లోపలికి రానివ్వడం మా ఇంట్లో లేదు. నా కొడుక్కు తీశాను, ఈ పిల్లకు పుట్టినప్పటి నుంచి తీస్తున్నాను. పిడికిట్లో దొడ్డుప్పు, తాలు కాయలు పట్టుకుని తల చుట్టూ తిప్పుతూ ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, తల్లి దిష్టి, తండ్రి దిష్టి, నా దిష్టి, అందరి దిష్టి పోవాలి అంటాను. కన్నవాళ్ల కండ్లే ముందు తగులుతాయని పెద్దలు చెప్తారు. అందులో ఎవరి మీదా కోపం లేదు.

కేసు పడ్డాక ఆ మాటల్లోంచి తండ్రి జారిపోయాడు. నేను జారిపోయాను. ఇరుగు పొరుగు కూడా పోయారు. చివరికి తల్లి దిష్టి, అమ్మమ్మ దిష్టి మిగిలాయి. కావాలని తీసేశావా అని ఎవరైనా అడిగితే కాదు అని గట్టిగా చెప్పలేను.

పెరట్లో నీళ్లు కాచే పొయ్యి ఉంది. కంపెనీలు పారేసే చెక్కపెట్టెల ముక్కలు దానికి కట్టెలు. దిష్టి తీసిన ఉప్పు, కాయలు అందులో వేస్తాము. కాయలు మండి ఇల్లంతా దగ్గితే దిష్టి లేనట్టు. ఘాటు రాకపోతే గట్టిగా తగిలినట్టు. ఇదివరకు ఘాటు వచ్చిందా రాలేదా అని నేను చూసుకునేదాన్ని కాదు, నా పనిలో నేను పడిపోయేదాన్ని. ఆ ఆదివారాలు మాత్రం పొయ్యి దగ్గరే నిలబడి చూశాను. తాలు కాయలకు ఘాటు ఎక్కడి నుంచి వస్తుంది? ఎవరైనా ఆ మాట అడిగితే నేనే నవ్వి చెప్పేదాన్ని. కానీ కోడలి మీద కోపంతో నిలబడ్డప్పుడు అది నా బుద్ధికి రాలేదు.

"నానమ్మా, దగ్గు వస్తలేదు," అంది పిల్ల ఒకసారి.

"ఎట్లొస్తది బిడ్డా. గంత దిష్టి తగిలింది నీకు."

"ఎవరిది?"

"ఎవరింటికి పోయొచ్చినవో వాళ్లది."

వెనక గదిలో ఉండే బీహారు ఆమె బట్టలు ఆరేస్తూ వింటున్నది. ఆమెకు మా మాటలు సగం అర్థమవుతాయి, మిగతా సగం కలిపి చెప్పుకుంటుంది. "అమ్మా, నీ మిర్చీ నకిలీ ఉంది. దుకాణ్‌వాలాకు వాపస్ ఇయ్యి," అంది.

"మిర్చి నకిలీది కాదే పిల్లా, దిష్టే అసలుది," అన్నాను.

ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. మనవరాలు నవ్వలేదు. పొయ్యిలో నల్లబడుతున్న కాయలనే చూస్తూ కూర్చుంది.

ఒక వారం జ్వరంతో వచ్చింది. వాళ్ల బడిలో సగం మందికి అదే జ్వరం. అయినా నేను తడిబట్ట వేస్తూ, "గదే సూడు, మీ అమ్మ కండ్లు మంచియి గావు," అన్నాను. పిల్ల నిద్రపోతున్నదనుకున్నాను అని రాస్తే అది అబద్ధం. కళ్లు తెరిచే ఉంది.

ఆ తరువాత గేటు దగ్గర చెయ్యి ఊపడం మానేసింది. తల వంచుకుని లోపలికి వచ్చేది. ఇంకొన్నాళ్లకు శనివారం పొద్దున కడుపు నొస్తున్నదని మొదలుపెట్టింది. తల్లి గేటు దగ్గర నిలబడి పేరు పెట్టి పిలుస్తుంటే తలుపు వెనక దూరి, నా కొంగు లాగి ముఖం మీద కప్పుకుంది. కొడుకు అదంతా ఫోనులో తీశాడు. తల్లి ఏడుపు కూడా అందులో పడింది. వకీలుకు పంపాడు.

వకీలు మాకు చాయ్ తెప్పించాడు. అంతకుముందు ఎప్పుడూ తెప్పించలేదు.

"పెద్దమ్మా, గిది మంచి పాయింటు. పిల్లనే తల్లిని వద్దంటుంది. మనం ఏం నేర్పలేదు గదా?"

"ఏం నేర్పలే సార్."

"నేర్పకుండ్రి. గిట్లనే ఉండనియ్యుండ్రి."

నేర్పలేదనే నేను నమ్మాను. కూర్చోబెట్టి ఇట్లా చెప్పు, అట్లా చెప్పు అని పిల్లకు పాఠం చెప్పలేదు కదా అనుకున్నాను.

అటు వకీలు ఊరుకోలేదు. తండ్రి వాళ్లు పిల్ల మనసు విరిచేస్తున్నారని చెప్పాడు. అప్పుడు జడ్జి, ఇకనుంచి శనివారాలు కోర్టు పక్కనున్న పిల్లల గదిలోనే తల్లి కలవాలి, కౌన్సెలింగ్ మేడం దగ్గరుండి చూసి తనకు చెప్పాలి అన్నాడు. పిల్ల ఇట్లాగే ఉంటే తల్లి దగ్గరికి పంపడం పూర్తిగా ఆగిపోతుందని మా వకీలు చెప్పాడు. కొడుకు ఆ రోజు బస్సులో పాట పాడుకుంటూ వచ్చాడు. నాకూ లోపల సంతోషమే. పిల్ల నా పక్కలోనే పడుకుంటుంది, నా చేతి ముద్దే తింటుంది, ఇంకేం కావాలి అనుకున్నాను.

ఆ గదిలో గోడకు బొమ్మలు వేసి ఉన్నాయి. ఒక మూల ప్లాస్టిక్ జారుడుబండ. పిల్ల నన్ను వదలకపోతే మేడం నన్ను కూడా కూర్చోనిచ్చింది. కోడలు షిఫ్టు దిగి అట్లాగే వచ్చింది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. డబ్బాలో పులిహోర తెచ్చింది. మొదటి శనివారం పిల్ల ముఖానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. రెండో శనివారం మోకాళ్లలో తల దూర్చి, చున్నీ కప్పుకుని, ముడుచుకుని కూర్చుంది.

"ఒక్కసారి ఇటు చూడమ్మా. అమ్మని కదా," అంది కోడలు.

"నువ్వు నన్ను సూడకు. అటు తిరుగు," అంది పిల్ల చున్నీలోంచి.

"నేనేం చేశానమ్మా?"

పిల్ల చున్నీని ఇంకా గట్టిగా లాక్కుంది. కోడలు నా వైపు తిరిగింది. "అత్తయ్యగారూ, మీరైనా చెప్పండి. నేనేం చేశానో చెప్పండి."

"నన్నెందుకు అడుగుతవ్? నీ బిడ్డనే అడుగు," అన్నాను.

మేడం నా ముఖం వైపు ఒకసారి చూసింది. నేను కొంగు సర్దుకున్నాను.

సంగారెడ్డిలో బస్సెక్కి ఇస్నాపూర్‌లో దిగి ఇంటికి వచ్చాము. పిల్ల చెప్పులు విడిచి, నేను పిలవకుండానే గడప ముందు నిలబడింది. నేను లోపలికి పోయి డబ్బా తీశాను. తాలు కాయలు అయిపోయాయి. గింజలు, తొడిమలే ఉన్నాయి. పిల్ల ఎండలో నిలబడి ఉందని, మనసొప్పకపోయినా మంచి కాయలు కొన్ని తీసుకున్నాను.

అవి పొయ్యిలో పడగానే ఊపిరి ఆడలేదు. నేను దగ్గాను, పిల్ల దగ్గింది. బీహారు ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని బయటికొచ్చి, "ఇప్పుడు దొరికింది అసలీ మిర్చీ," అంది. పిల్ల దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ గంతులేసింది. ఎన్నో రోజుల తరువాత దాని ముఖంలో నవ్వు చూశాను.

"నానమ్మా, దగ్గొస్తుంది. నాకు దిష్టి తగల్లే. ముఖం మొత్తం కప్పుకున్న గద, అమ్మ కండ్లు నాకు తాకలే."

అది ఊరుకోలేదు. "పోయినసారి ఏళ్ల సందుల్నించి అమ్మను సూసిన నానమ్మా. గందుకే గప్పుడు ఘాటు రాలే. ఈసారి అస్సలే సూడలే." ఎవరినో వెనకేసుకొచ్చినట్టు మళ్లీ అంది. "అమ్మ మంచిదే. కండ్లే మంచియి గావు."

పిల్లకు తల్లి అంటే అసహ్యం లేదు. కోపం లేదు. తల్లిని చూడాలని ప్రాణం కొట్టుకుంటుంటే, చూస్తే జ్వరం వస్తుందని, కీడు వస్తుందని తనను తాను కట్టేసుకుంది. వేళ్ల సందులోంచి చూసినందుకు ఆ వారమంతా ఎంత భయపడి ఉంటుందో. నా పక్కలోనే పడుకుంది కదా, ఒక్క రోజు కూడా నాకు తెలియలేదు.

చేతిలో ఒక మంచి కాయ, డబ్బా అడుగున దొరికిన తాలు తునక ఒకటి పెట్టుకుని చూపించాను. "గిది తాలు బిడ్డా. దీనికి ఘాటు ఉండదు. ఇన్ని రోజులు గిదే కాల్చిన. మీ అమ్మ దిష్టి లేదు, ఏం లేదు. నేను తప్పు చెప్పిన."

పిల్ల రెండింటినీ చూసింది. "నువ్వు గప్పుడు తప్పు చెప్పినవా, ఇప్పుడు తప్పు చెప్తున్నవా?" అని అడిగింది. ఎగతాళి కాదు, తెలియకే అడిగింది.

సాయంత్రం కొడుకు షిఫ్టు దిగి వచ్చాక జరిగింది చెప్పాను. అన్నం కలుపుకుంటూ విన్నాడు.

"పిల్ల ముచ్చట్లు గివన్నీ. కోర్టుల చెప్తే నవ్వుతరు."

"నవ్వితే నవ్వనీరా. పోరి తల్లి ముఖం సూస్తలేదు."

"సూడకపోతేనే మనకు మంచిది. వచ్చే వాయిదా దాక నోరు మూసుకో అమ్మా, ఇగ అయిపోతది."

"దానికి తల్లి లేకుండ అయితది."

చెయ్యి ఆపి నా వైపు చూశాడు. "నీ మనుమరాలు నీ దగ్గర ఉండొద్దా? జెర మనసుల సోంచాయించు."

నాకూ అది నా దగ్గర ఉండాలనే ఉంది. వారమంతా నోరు మూసుకునే ఉన్నాను. రోజూ జడ వేస్తూ, దిష్టి లేదు బిడ్డా, అమ్మను చూడొచ్చు అని చెప్పేదాన్ని. అది తల ఊపేది. నన్ను బాధపెట్టకూడదని ఊపుతున్నదని తెలుస్తూనే ఉంది. నేను పెట్టిన భయం నా మాటతో పోయేటట్టు లేదు.

శనివారం మళ్లీ ఆ గదికి పోయాము. కోడలు వచ్చింది. పిల్ల చున్నీ కప్పుకుంది. కోడలు ఈసారి చూడమని కూడా అడగలేదు, పులిహోర డబ్బా మూత తీసి నేల మీద పెట్టింది. నేను లేచి నిలబడ్డాను. బడిలో తప్పు చేసినప్పుడు నిలబడినట్టే ఉంది. నేను చదివింది మూడో తరగతి దాకానే, అప్పుడు కూడా నిలబెట్టిన రోజులే గుర్తు.

"మేడం, పిల్లకు తల్లి మీద కోపం లేదు. తల్లి కండ్ల మీద భయం. ఆ భయం నేను పెట్టిన."

తాలు కాయల నుంచి జ్వరం దాకా అంతా చెప్పాను. మధ్యలో తడబడ్డాను. ఉప్పు, మిరపకాయలు, పొయ్యి అని ఆ గదిలో చెప్తుంటే నా మాటలు నాకే వెర్రిగా వినిపించాయి. మేడం నవ్వలేదు. నవ్వితే బాగుండునేమో.

"ఇదే మాట జడ్జిగారి ముందు చెప్తారా అమ్మా?"

"చెప్తా."

"మీ అబ్బాయి కేసుకు నష్టం. తెలుసు కదా?"

"ఎరికే మేడం."

కోడలు నన్నే చూస్తూ ఉంది. నన్ను తిడుతుందనుకున్నాను, తిట్టడానికి సిద్ధపడే పోయాను. ఆమె గొంతు పెద్దది చేయలేదు.

"పోయిన వారం మిమ్మల్ని అడిగాను కదండీ, నేనేం చేశానని."

"అడిగినవ్."

"అప్పటికి మీకు తెలియదా?"

"తెల్వదు బిడ్డా."

"తెలిస్తే చెప్పేవారా?"

నేను తల వంచుకున్నాను. ఆమె లేచి, జారుడుబండ పక్కన గోడకు ముఖం పెట్టి, మాకు వీపు చూపిస్తూ నేల మీద కూర్చుంది.

"చిట్టితల్లీ, అమ్మ అటు తిరిగింది. గోడనే చూస్తున్నా. నువ్వు కళ్లు తెరుచుకో, నీకేం కాదు," అంది.

దిష్టి లేదని ఆమె వాదించలేదు. నేను వారమంతా వాదించాను. ఆమె పిల్ల భయాన్ని ఉన్నది ఉన్నట్టుగా ఒప్పుకుని, తనే పక్కకు తిరిగింది. చదువుకున్నది కాబట్టి తెలిసిందని అనుకోవడం నాకు సులువు. కానీ ల్యాబులో అది నేర్పరు.

పిల్ల చున్నీ కొంచెం తీసింది. తల్లి వీపు చూసింది, జడ చూసింది. నా వైపు చూసింది. నేను తల ఊపితే నమ్ముతుందో లేదో తెలియక కదలకుండా ఉన్నాను. అది మెల్లగా పాక్కుంటూ పోయి జడ చివర ముట్టుకుంది. కోడలి భుజాలు కదిలాయి. తల మాత్రం తిప్పలేదు. పిల్ల జడ విప్పడం మొదలుపెట్టింది. మేడం నన్ను బయటికి వెళ్లమని చేత్తో సైగ చేసింది. వెళ్లాను.

వాయిదా రోజు జడ్జి ముందు మళ్లీ అదంతా చెప్పాను. బయటికి వచ్చాక మా వకీలు, "పెద్దమ్మా, మీరు ఎవరి దిక్కు?" అని అడిగాడు. కొడుకు నన్ను బస్సులో వదిలేసి వేరే సీట్లో కూర్చున్నాడు. చాలా రోజులు నేను వండింది తినలేదు, ఇస్నాపూర్ చౌరస్తాలో తిని వచ్చేవాడు. గిన్నెలో మిగిలిన అన్నం పొద్దున నేనే తినేదాన్ని. ఆ రోజు చేట కింద పెట్టి లేచి ఉంటే ఈ కోర్టు మెట్లు ఎక్కేవాళ్లమా అని నేను ఆలోచిస్తాను. వాడు ఏం ఆలోచిస్తాడో నాకు తెలియదు.

కోడలు చాలా శనివారాలు గోడకు తిరిగే కూర్చుంది. ఒక శనివారం పిల్లే ఆమె చుట్టూ నడిచి వెళ్లి ఎదురుగా కూర్చుందని మేడం చెప్పింది. అప్పుడు ఆ గదిలో నేను లేను.

జడ్జి చెప్పినట్టు పిల్ల ఇప్పుడు వెలిమెలలో తల్లి దగ్గర ఉంటుంది. ఆదివారాలు మా దగ్గరికి వస్తుంది. గేటులోంచి తిన్నగా లోపలికి వస్తుంది, నేను గడపకు దూరంగా ఉంటాను. అమ్మ గురించి ఎంతసేపైనా చెప్తుంది. వాళ్ల నాన్న టీవీ సౌండు పెంచుకుంటాడు, నేను వింటాను. ముద్ద పెడితే తింటుంది, పక్కలో పడుకుంటుంది. నా మీద ప్రేమ ఏమీ తగ్గలేదు.

కానీ నా మాట అది నమ్మదు. పాలు చల్లారాయి తాగు అంటే గిన్నె మీద వేలు పెట్టి చూస్తుంది. కుక్క కరవదు రా అంటే బీహారు ఆమెను పోయి అడుగుతుంది. మొన్న వాన వచ్చేటట్టుంది, బయటికి పోకు బిడ్డా అన్నాను. సరే నానమ్మా అని, నాకు కోపం రాకుండా చూసుకుంటూ, మెల్లగా మిద్దె ఎక్కి మబ్బు చూసి దిగి వచ్చింది.

"నిజమే నానమ్మా, వస్తది," అంది.

నేను చెప్పినా, ఎవరు చెప్పినా అట్లాగే చూసుకోవాలి అది.